నెల రోజుల్లో నవల... తొమ్మిదో రోజే ఆగిపోయాను!

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కాకినాడలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నవంబర్ నెలలో 50 వేల పదాల నవల రాసేయాలని ఒకటో తారీఖున మొదలుపెట్టాను. మావారికి చెబితే ‘ఈ రోజుల్లో నవలలు ఎవరు చదువుతారు?’ అన్నారు. అప్పటి నుంచి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. నోటుబుక్కు బియ్యం డబ్బా వెనక దాస్తున్నాను. అందులో మా అత్తగారి పోలికలున్న పాత్ర ఒకటి ఉంది, అదో భయం. తొమ్మిది రోజులకు 8,400 పదాలే అయ్యాయి. మూడు రోజులుగా పెన్ను పట్టలేదు. బాబు పదో తరగతి. ఏ పనీ సరిగ్గా చేయలేకపోతున్నానని ఏడుపొస్తోంది.

జవాబు: ‘8,400 పదాలే’ అని రాశారు. ముందు ఆ చివరి ‘ఏ’ తీసేయండి. బడి, వంట, పదో తరగతి పిల్లాడు... ఇన్నిటి మధ్య నిద్ర మానుకుని రాసిన పదాలవి.

ఆ 50 వేల లెక్క మనది కాదు. 1999లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ, ఆయన మిత్రులు 21 మంది కలిసి మొదలుపెట్టిన పందెం అది. మరుసటి ఏడాది నవంబర్‌కి మారింది. రోజుకు 1,667 పదాలు, అదీ ఇంగ్లీషులో. ‘ఐ వాజ్ నాట్ ఏబుల్ టు గో’ అంటే వాళ్లకి ఆరు పదాలు. మనకి ‘వెళ్లలేకపోయాను’, ఒక్కటే. కాబట్టి వాళ్ల లెక్కతో మిమ్మల్ని కొలుచుకోకండి. ఆ పందెం నడిపిన సంస్థే 2025లో మూసేస్తున్నామని ప్రకటించింది. రోజుకు మూడు పేజీలు అనుకోండి, చాలు. కొట్టివేతలున్నా సరే, వెనక్కి వెళ్లి దిద్దొద్దు.

అసలు మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది రాయడం కాదు, దాచడం అనిపిస్తోంది. విశ్వనాథ సత్యనారాయణ గారు ‘వేయిపడగలు’ 29 రోజుల్లో పూర్తిచేశారని గొప్పగా చెప్పుకుంటాం. ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని రాసింది తమ్ముడు వెంకటేశ్వర్లు గారు. ఆ మాట మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. అంతటి ఆయనకే ఇంట్లో ఒకరి తోడు కావలసి వచ్చింది. మీరేమో ఇంటికి తెలియకుండా రాయాలని చూస్తున్నారు.

మీవారు రాయొద్దనలేదు. ఆ మాట నొప్పించేదే, కాదనను. కానీ మీకు ఏం కావాలో ఆయనకు ఇంకా తెలియదు. పొద్దున్నే క్యారేజీలు సర్దే హడావిడిలో కాకుండా, ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. ‘నవల రాస్తున్నాను, నాకిది ముఖ్యం. నెలాఖరు దాకా రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర వరకు నన్ను వదిలేయండి. ఆ గంట బాబు లెక్కలు మీరు చూడండి’ అని అడగండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అని మాత్రం మొదలుపెట్టకండి, పాత గొడవలన్నీ లేస్తాయి. బాబు చదువుకునే టేబుల్ దగ్గరే మీరూ కూర్చోవచ్చు. అమ్మ కొట్టేసి మళ్లీ రాసుకోవడం వాడు చూస్తే మంచిదే.

అత్తగారి సంగతి. ఇప్పుడు ఆ పాత్రను మెత్తబరచకండి, కథ చప్పబడిపోతుంది. ఇది చిత్తుప్రతి. ‘పూర్తయ్యేదాకా ఎవరూ చదవకూడదు’ అని ఇంట్లో అందరి ముందూ చెప్పేయండి. అలా చెప్పి ఎవరికీ చూపించకపోవడం వేరు, డబ్బా వెనక దాచడం వేరు. డిసెంబర్‌లో తిరగరాసేటప్పుడు ఊరు మార్చండి, వరస మార్చండి. అత్త పెద్దమ్మ అవుతుందేమో! ఆవిడ నొచ్చుకునే సంఘటన నిజంగా జరిగినదైతే, అది కథకు అవసరమా అని అప్పుడు ఆలోచించుకోవచ్చు.

పదకొండు దాటాక మాత్రం రాయొద్దు. నిద్ర సరిపోకపోతే ఏడుపు ఊరికే వస్తుంది. సరిగ్గా నిద్రపోతున్నా రెండు వారాలకు ఆ దిగులు తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి, అశ్రద్ధ చేయకండి.

ఈ రాత్రి ఒక్క పేజీతో మొదలుపెట్టండి. తొమ్మిదో రోజున ఎక్కడ ఆపారో ఆ వాక్యం మధ్యలోంచే.