కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్‌లో వెళ్తే అమ్మకు ఇబ్బంది ఉండదా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, మందులతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఎప్పటినుంచో కేదార్‌నాథ్ వెళ్లాలంటోంది. నడవలేదు కాబట్టి హెలికాప్టర్‌లో పొద్దున వెళ్లి సాయంత్రానికి దిగిపోదామంటాడు తమ్ముడు. ఆక్సిజన్ డబ్బా, కర్పూరం దగ్గరుంటే చాలని చుట్టాలు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ భయం అనవసరమైనదేం కాదండీ. హెలికాప్టర్‌తో మోకాళ్లకు శ్రమ తప్పుతుంది, అంతే. గుడి 3,583 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన దగ్గర అందేదాంట్లో దాదాపు మూడింట రెండొంతులే. పైగా కింద హెలికాప్టర్ ఎక్కే ఫాటా నుంచి ఓ పది నిమిషాల్లో పైన దించేస్తారు, ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు.

సాయంత్రానికి దిగిపోవడం మాత్రం మంచి ఆలోచనే, ఎందుకంటే ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా కొన్ని గంటల తర్వాత మొదలై రాత్రి ముదురుతుంది. కానీ మబ్బు కమ్మితే హెలికాప్టర్లు ఎగరవు. ఆ రాత్రి పైనే ఉండిపోవాల్సి రావచ్చు, దానికీ సిద్ధపడే వెళ్లండి.

ముందు డాక్టర్‌కి చూపించి, గుండె పరీక్షలు చేయించి, ఎంత ఎత్తుకు వెళ్తున్నారో చెప్పండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర ఆయన రాస్తేనే వాడాలి, సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వీలైతే ఒంటికి ఎత్తు అలవాటయ్యేలా ముందుగా ఊఖీమఠ్ మీదుగా చోప్తా వెళ్లి ఒకట్రెండు రాత్రులు ఉండండి. అది 2,600 మీటర్ల పైచిలుకు ఎత్తు, కారు అక్కడిదాకా వెళ్తుంది.

నాకు అన్నిటికంటే భయం ఉపవాసం గురించి. దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనంటారు మన అమ్మలు, షుగర్ మాత్ర మాత్రం వేసేసుకుంటారు, ఇక క్యూలో చలికి నిలబడ్డాక కళ్లు తిరగక ఏమవుతుంది? బాత్రూమ్ ఇబ్బందని నీళ్లు మానేసేవాళ్లూ ఎక్కువే. తినిపించి, తాగించి మరీ క్యూలో నిలబెట్టండి. ఇన్సులిన్ వాడుతుంటే స్వెటర్ లోపలి జేబులో పెట్టండి, గడ్డకడితే పనికిరాదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చల్లటి వేళ్ల మీద తప్పు చూపిస్తుంది, చేతులు రుద్ది వెచ్చబడ్డాక పెట్టండి.

తలనొప్పి, వికారం ఉంటే ఇంక పైన ఆగొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా, మాట పొంతన తప్పినా దర్శనం కాలేదని చూడకుండా వెంటనే అక్కడి వైద్య శిబిరానికి చేర్చి కిందికి దించే ఏర్పాటు చేయండి. ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ఊరటే, దిగడమే అసలు వైద్యం. కర్పూరం పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది గానీ ఆక్సిజన్ పెరగదు.

ఒకవేళ డాక్టర్ వద్దంటే అమ్మను బలవంతంగా తీసుకెళ్లకండి, నిరాశ పడనివ్వకండి కూడా. మన భగినీ హస్త భోజనం నాడు కేదార్‌నాథ్ తలుపులు మూస్తారు, స్వామి ఉత్సవమూర్తిని పల్లకీలో ఊఖీమఠ్ ఓంకారేశ్వర ఆలయానికి తెస్తారు. చలికాలమంతా కేదారేశ్వరుడి పూజలు అక్కడే. ఊఖీమఠ్ ఎత్తు 1,300 మీటర్లే. చలికి సరిపడా బట్టలుంటే అమ్మగారు కార్లోనే హాయిగా వెళ్లి దర్శనం చేసుకోవచ్చు.