బీపీ మాత్ర మానేయాలా, మార్చుకోవాలా?

ప్రశ్న: నా వయసు 49. తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర బట్టల దుకాణం నడుపుతున్నాను. ఏడాది కిందట బీపీ 160/100 ఉందని అటెనోలాల్, క్లోర్థాలిడోన్ కలిసిన మాత్ర రాశారు. బీపీ అదుపులోకి వచ్చింది గానీ, రెండు నెలలకే అంగస్తంభన తగ్గిపోయింది. భార్యకు చెప్పుకోలేక, లెక్కలున్నాయనే నెపంతో రాత్రిళ్లు దుకాణంలోనే పొద్దుపుచ్చుతున్నాను. పది రోజుల కిందట మాత్ర మానేశాను. ఒక మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చిన, స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) బిళ్ల జేబులో ఉంది. వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: బిళ్లను జేబులోనే ఉంచి మంచి పని చేశారు. డాక్టరు పరీక్షించి రాస్తే బీపీ ఉన్నవారిలో చాలామంది సిల్డెనాఫిల్ వాడవచ్చు. అయితే గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని వేసుకొంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ విషయం అడగకుండానే బిళ్ల చేతిలో పెట్టిన షాపువారిని ఏమనాలో తెలియదు.

అంతకంటే నన్ను కలవరపెట్టింది మీరు మాత్ర మానేయడం. అటెనోలాల్‌ను క్రమంగా తగ్గించాలే గానీ ఉన్నట్టుండి ఆపకూడదు. అలా ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. గుండె రక్తనాళాల్లో అప్పటికే పూడిక ఉన్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. ఈరోజే బీపీ చూపించుకొని, పది రోజులుగా మాత్ర వేసుకోవడం లేదని మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మీ అనుమానంలో నిజం లేకపోలేదు. గుండె వేగాన్ని తగ్గించే అటెనోలాల్ వంటి బీటా బ్లాకర్లకూ, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే క్లోర్థాలిడోన్ వంటి మందులకూ ఈ దుష్ప్రభావం ఉందని చాలాకాలంగా తెలిసినదే. మీ మాత్రలో ఆ రెండూ కలిసే ఉన్నాయి. లోసార్టాన్, టెల్మిసార్టాన్, రామిప్రిల్, ఆమ్లోడిపిన్ వంటివి సాధారణంగా ఈ ఇబ్బంది పెట్టవు. బీటా బ్లాకర్ తప్పనిసరైతే నెబివోలాల్ మేలు. ఏది మీకు తగినదో నిర్ణయించవలసింది డాక్టరే.

మనసు పాత్ర కూడా తక్కువేమీ కాదు. 2003లో ఇటలీ వైద్యులు 96 మంది గుండె రోగులకు అటెనోలాల్ ఇచ్చారు. అది ఏ మందో తెలియనివారిలో సుమారు 3 శాతం మంది స్తంభన లోపం ఉందని చెబితే, దుష్ప్రభావం గురించి ముందే విన్నవారిలో 31 శాతం మంది చెప్పారు! తెల్లవారుజామున స్తంభన మామూలుగానే కలుగుతోందా అన్నది గమనించండి. కలుగుతోంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే.

కలగకపోతే నెపమంతా మాత్ర మీద వేయలేము. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాలకంటే సన్ననివి కాబట్టి బీపీ, షుగరు, పొగతాగడం వల్ల కలిగే నష్టం ముందు అక్కడే బయటపడి, కొన్నేళ్ల తర్వాత గుండెలో కనిపించవచ్చు. అందుకే షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ, ఉదయం పూట టెస్టోస్టిరాన్ పరీక్షల గురించి డాక్టరును అడగండి. ఈమధ్య అలిపిరి మెట్లు ఎక్కి ఉంటే, ఆయాసమో ఛాతీలో పట్టేసినట్టో అనిపించిందా అన్నది కూడా చెప్పండి.

గదిలో నలుగురుంటే నోరు రాకపోవచ్చు. విషయం చీటీ మీద రాసి డాక్టరు చేతికివ్వండి. ఇంట్లో ఆవిడకు మాత్రం నోటితోనే చెప్పండి. మీ రాత్రి లెక్కలకు ఆమె ఈపాటికి వేరే కారణమేదో ఊహించుకొంటూ ఉండవచ్చు.