షేవింగ్ బ్రష్‌కు ముక్కిన వాసన, గడ్డం కింద పొక్కులు: బ్రష్షే కారణమా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. చాలా కాలంగా సబ్బు, బ్రష్‌తోనే గడ్డం గీసుకుంటున్నాను. బ్రష్ జంతువుల వెంట్రుకలతో చేసినది. వాడిన తర్వాత కుళాయి కింద ఒకసారి తిప్పి, మూత ఉన్న డబ్బాలో పెట్టేస్తాను. కొన్ని నెలలుగా గడ్డం గీసుకున్న మర్నాడు చెంపల మీద, దవడ కింద ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. కొన్నింటిలో చీము కూడా ఉంటోంది. బ్రష్‌కు ముక్కిన వాసన వస్తోంది. దాన్ని మరిగే నీళ్లలో వేయాలా, యాంటీసెప్టిక్‌లో నానబెట్టాలా, పారేయాలా? – ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిన వివరాలన్నిటిలో ముందుగా మార్చవలసింది ఆ మూత ఉన్న డబ్బాను. బ్రష్ కుచ్చులో వెంట్రుకలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పైకొనలు ఆరినట్లు కనిపించినా పిడిలోకి దిగే మొదలు దగ్గర తడి గంటల తరబడి నిలిచే ఉంటుంది. ఆ తడికి మిగిలిపోయిన సబ్బు, చర్మం నుంచి రాలిన పొట్టు తోడై, పైన మూత కూడా పడితే బ్యాక్టీరియా, బూజు పెరగడానికి కావలసినవన్నీ అమరినట్లే. మీరు చెబుతున్న వాసన అక్కడి నుంచే వస్తోంది. ఎంత శుభ్రంగా కడిగినా తడి బ్రష్‌ను తిరిగి అదే డబ్బాలో పెడితే కొద్ది రోజుల్లో పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక పొక్కుల సంగతి. నేరమంతా బ్రష్ మీదే మోపడం సరికాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ చాలామందికి ముక్కులో, చర్మం మీద స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. బ్లేడు చేసే, కంటికి కనిపించని గాట్ల గుండా అది వెంట్రుకల కుదుళ్లలోకి చేరితే చీము పొక్కులు లేస్తాయి. మురికి బ్రష్‌తో గట్టిగా రుద్దడం వల్ల ఆ పని మరింత సులువవుతుంది. మొద్దుబారిన బ్లేడు, వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా గీయడం కూడా అంతే బాధ్యత వహిస్తాయి. మంచి వెలుతురులో అద్దం దగ్గరకు వెళ్లి ఒక పొక్కును పరిశీలించండి. దాని మధ్యలోంచి వెంట్రుక నిటారుగా వస్తూ చుట్టూ చీము ఉంటే అది కుదురుకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంట్రుక కొన వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుని కనిపిస్తే, అది మరీ నున్నగా గీయడం వల్ల వచ్చిన సమస్య. ఉంగరాల జుట్టు ఉన్నవారిలో, ముఖ్యంగా మెడ మీద, ఇది ఎక్కువ. రెండూ కలిసి ఉండటమూ మామూలే.

చీము తగ్గేవరకు గడ్డం గీసుకోవడం ఆపి, పాత బ్లేడు తీసేయండి. ఈలోగా బ్రష్ కుచ్చును రెండు బొటనవేళ్లతో విప్పి మొదలు దగ్గర చూడండి. అక్కడ బూడిద రంగు పొర పేరుకుని ఉంటే, అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి గట్టిపడిన మడ్డి. కఠిన జలం వాడే ఇళ్లలో ఇది త్వరగా పేరుకుంటుంది, ఉత్త నీటితో పోదు. ఒక కప్పు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి, కుచ్చును మాత్రమే అయిదు నిమిషాలు ముంచి, బాగా కడగండి. తర్వాత అరచేతిలో కాస్త షాంపూ వేసుకుని, నురుగు మొదలు వరకు చేరేలా మెల్లగా తిప్పి, జారుడు పోయేవరకు నీళ్లు మార్చి జాడించండి. ఇలా నెలకోసారి చేస్తే చాలు. రోజూ మాత్రం నురుగు పూర్తిగా పోయేలా కడిగి, కుచ్చును మెలిపెట్టకుండా పిండి, గట్టిగా విదిలించి, పొడి తువ్వాలుకు అద్ది, గాలి తగిలే చోట ఉంచాలి. తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అని చాలామంది వాదించుకుంటారు కానీ, నీరు బాగా విదిలించాక ఎలా ఉంచినా గాలి ఆడటమే ముఖ్యం. స్నానాల గది ఎప్పుడూ చెమ్మగా ఉంటే బ్రష్‌ను బయట పెట్టుకోవడం మేలు. రోజూ గడ్డం గీసుకునేవారు రెండు బ్రష్‌లు మార్చి మార్చి వాడితే ఒక్కోదానికి ఆరే సమయం దొరుకుతుంది.

మరిగే నీళ్లు వద్దు. ఆ వేడికి వెంట్రుకలు పెళుసుబారతాయి, కుచ్చును పిడికి పట్టి ఉంచే జిగురు వదులవుతుంది. యాంటీసెప్టిక్‌లో నానబెట్టడమూ అనవసరం. కుచ్చులో మిగిలిన మందు మర్నాడు గీసిన చర్మానికి తగిలి మంట, దద్దుర్లు పుట్టించవచ్చు.

జంతువుల వెంట్రుకల బ్రష్ అనగానే కొందరు ఆంత్రాక్స్ (పశువుల నుంచి మనుషులకు సోకే ప్రమాదకరమైన బ్యాక్టీరియా వ్యాధి) గురించి అడుగుతుంటారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల ద్వారా బ్రిటన్‌లో, అమెరికాలో ఆ వ్యాధి సోకిన మాట నిజమే. ఇప్పుడు వెంట్రుకలను శుద్ధి చేశాకే బ్రష్‌లు తయారు చేస్తారు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు. ఆ కాలం నాటి పాత బ్రష్ దొరికితే మాత్రం ముచ్చటపడి వాడకండి.

శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టిన తర్వాత కూడా వాసన పోకపోయినా, మొదలు దగ్గర నల్లటి బూజు మచ్చలు ఉన్నా, ఆ బ్రష్‌ను పారేయండి. కొత్తది కొంటే సింథటిక్ కుచ్చు త్వరగా ఆరుతుంది. ఎవరి బ్రష్ వారికే ఉండాలి, రేజర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు, కంటికి కనిపించనంత రక్తం కూడా దానికి చాలు.

పొక్కులను గిల్లవద్దు. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు తెచ్చి రాయవద్దు. ఒకవేళ అది గడ్డానికి సోకిన తామర అయితే, ఆ క్రీములతో పైకి తగ్గినట్లు కనిపిస్తూనే విస్తరిస్తుంది. రెండు వారాల్లో తగ్గకపోయినా, నొప్పితో గడ్డలు కట్టినా, జ్వరం వచ్చినా, గడ్డంలో వెంట్రుకలు మచ్చలు మచ్చలుగా రాలుతున్నా చర్మవైద్యుడికి చూపించండి. పొక్కులు తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించుకోండి. మధుమేహం అదుపులో లేనివారికి ఇటువంటి ఇన్ఫెక్షన్లు తిరగబెడుతుంటాయి.