దెయ్యం కంటే ముందు వడ్రంగి

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రి ఒకసారి చదివాను, పొద్దున పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదివాను. అమెరికాలో వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో చెక్కతో కట్టి పైన కప్పేసిన కప్పు వంతెనల గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్ళు ఉన్నందుకు సంతోషం. వాక్యం నీ చేతికి వస్తోంది. ఆ మాట అనేసి ముందుకు పోతున్నాను, ఎందుకంటే మూడో పేజీలో నువ్వు చేసిన పని నన్ను నిద్రపోనివ్వలేదు.

కోర్నిష్-విండ్సర్ వంతెన గుమ్మం మీదున్న బోర్డు గురించి రాశావు. గుర్రాలను నడిపించండి, లేదా రెండు డాలర్ల జరిమానా కట్టండి అని. ఒక్క వాక్యం. ఆ వెంటనే పేరా మార్చేసి కనెక్టికట్ నది మీద సూర్యాస్తమయం, ఎర్రబడ్డ నీళ్ళు, గుండెలో ఏదో తెలియని బాధ. ఆ బోర్డు దగ్గర ఎందుకు ఆగలేదమ్మా? అది ఎందుకు పెట్టారో ఎవరినైనా అడిగావా? గుర్రాలు ఒకే లయలో పరుగెడితే ఆ అదురు వంతెన మొత్తానికీ పాకుతుంది, చీలలు వదులవుతాయి, అతుకులు అరుగుతాయి. అందుకే నడిపించమన్నారు. ఇప్పుడు ఆలోచించు. రెండు పక్కలా చెక్క గోడలు, పైన కప్పు, లోపల పట్టపగలే చీకటి, ఊరి కళ్ళు పడవు, పైగా గుర్రం మెల్లగానే నడవాలని రూలు. బండిలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వంతెన పొడవేమో దాదాపు 450 అడుగులు. ఈ వంతెనలకు ముద్దుల వంతెనలని ఊరికే పేరొచ్చిందా? నువ్వు ఐదో పేజీలో ఆ పేరెత్తి, ప్రేమికుల స్వర్గం అని రాసి వదిలేశావు. బోర్డు మూడో పేజీలో, ముద్దు ఐదో పేజీలో. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే నీ వ్యాసం అక్కడే లేచి నిలబడేది.

ఎప్పట్నుంచో నేను మొత్తుకుంటున్నది ఇదే. జనం చెప్పుకునే కథ గాల్లోంచి ఊడిపడదు, పనిలోంచి పుడుతుంది. ఎవరు కట్టారు, ఏ కలపతో కట్టారు, ఎవరి డబ్బుతో కట్టారు, దేనికి భయపడి కట్టారు అన్నది తెలియకుండా దెయ్యం గురించి రాస్తే ఆ దెయ్యానికి నిలబడే చోటుండదు.

కప్పు ఎందుకు వేశారో నువ్వు రెండు కారణాలు రాశావు, రెండూ చదివి నాకు కోపమొచ్చింది. గుర్రాలు నీళ్ళు చూసి బెదరకుండా అన్నావు. మంచు పడకుండా అన్నావు. పోస్టుకార్డుల వెనక అచ్చేసే మాటలివి. అసలు కారణం చాలా మామూలుది, నాకైతే అదే అందం. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరి చెక్క పుచ్చిపోతుంది. కప్పు లేని చెక్క వంతెన పది ఇరవై ఏళ్ళు నిలిస్తే ఎక్కువ, అదే కప్పు వేసి పక్కలు పలకలతో మూస్తే వందేళ్ళు దాటుతుంది. ఇక మంచు సంగతి పూర్తిగా తిరగేసి రాశావు. చలికాలంలో జనం తిరిగేది స్లెడ్జి బళ్ళ మీద, వాటికి కింద మంచు ఉండాలి. వంతెన లోపల నేల పొడిగా ఉంటే బండి ఈడ్చుకుపోదు. అందుకని ఊరివాళ్ళు మనిషికి కూలిచ్చి, బయట మంచును పారతో ఎత్తించి, లోపల నేల మీద పరిపించేవాళ్ళు! కప్పున్న వంతెనలోకి చేత్తో మంచు మోసుకెళ్ళి పోసిన మనిషి నీ వ్యాసంలో లేడు. అతనికి బదులు "కాలం గడ్డకట్టిన చోటు" అని ఉంది.

నేను ఈ వంతెనల మీద రాయడం మొదలుపెట్టిన రోజుల్లో రాత్రి డ్యూటీ చేసి, పగలు నిద్ర మానుకుని ఊళ్ళ లైబ్రరీల్లో కూర్చునేదాన్ని. కళ్ళు మండుతుండగా ఊరి లెక్కలు అచ్చేసే టౌన్ రిపోర్టుల్లోంచి ఖర్చుల పద్దులు నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేదాన్ని. అలా రాసిన వ్యాసం ఒక పత్రికకు పంపితే సంపాదకుడు ఫోన్ చేసి, పలకలూ చీలలూ ఎవరికి కావాలండీ, దెయ్యం ఏమన్నా ఉంటే చెప్పండి, ఆదివారానికి వేద్దాం అన్నాడు. దెయ్యం గురించి ఒక్క పేరా ఉంది. ఆ పేరా ఉంచి, వడ్రంగులను మొత్తం కోసేసి, పొగమంచు బొమ్మ పెట్టి అచ్చేశాడు. నాకు ఇప్పటికీ ఆ మనిషి మీద మంట తగ్గలేదు. ఇప్పుడు సంపాదకులు మారారు, పొగమంచు పోయి డ్రోన్ వీడియో వచ్చింది, వడ్రంగికి మాత్రం ఇంకా చోటు దొరకలేదు. ప్రతి వ్యాసమూ రచయిత మనసులోంచే మొదలవ్వాలన్న ఈ కొత్త ఫ్యాషనొకటి. నీ మొదటి పేజీ అంతా నీ మనసే. వంతెన రెండో పేజీలో వచ్చింది.

1805లో ఫిలడెల్ఫియాలో షూల్‌కిల్ నది మీద తిమోతీ పామర్ కట్టిన వంతెనతో మొదలుపెట్టు. పామర్ మసాచుసెట్స్ మనిషి. ఆ వంతెన కంపెనీకి పెద్ద అయిన జడ్జి రిచర్డ్ పీటర్స్, ఇంత ఖర్చు పెట్టి కడుతున్నాం, చెక్క కుళ్ళిపోకుండా కప్పు వేయాల్సిందేనని పట్టుబట్టాడు. అమెరికాలో రికార్డుల్లో కనిపించే మొదటి కప్పు వంతెన అదే. తర్వాత 1820లో కనెక్టికట్ ఆర్కిటెక్టు ఇథియెల్ టౌన్ పేటెంటు తీసుకున్నాడు. పెద్ద పెద్ద దూలాలు అక్కర్లేదు, ఊరి కోత మిల్లులో దొరికే పలకలనే ఏటవాలుగా ఒకదాని మీదొకటి అల్లి, కలిసిన ప్రతిచోటా చెక్క చీలలు దిగ్గొట్టడమే. ఏ పల్లెటూరి వడ్రంగైనా కట్టగలడు. మైళ్ళ కొద్దీ కట్టి గజాల లెక్కన కోసుకోవచ్చని అప్పట్లో అనేవాళ్ళట. అడుగుకు ఒక డాలరు రాయల్టీ, అడక్కుండా కడితే రెండు డాలర్లు. నువ్వు సూర్యాస్తమయం చూసిన ఆ కోర్నిష్-విండ్సర్ వంతెన కూడా ఈ అల్లికే, పలకలకు బదులు బరువైన దుంగలతో. 1866లో జేమ్స్ టాస్కర్, బీలా ఫ్లెచర్ కట్టారు, 9,000 డాలర్లయింది. ఒడ్డునున్న మైదానంలో ముందు మొత్తం బిగించి చూసుకుని, విప్పి, నది మీద మళ్ళీ బిగించారు. 1943 దాకా దాటడానికి టోల్ కట్టాల్సి వచ్చేది. నీ వ్యాసంలో వాళ్ళిద్దరి పేర్లూ లేవు, నీ స్నేహితురాలి కెమెరా పేరుంది.

ఇక ఎమిలీ దెయ్యం సంగతి. వెర్మాంట్‌లోని స్టో పట్టణంలో గోల్డ్ బ్రూక్ వాగు మీద ఆ వంతెన 1844 నాటిది, సుమారు 50 అడుగులు, చెక్కతో పాటు ఇనప కడ్డీలు వాడిన హౌ ట్రస్ అనే రకం కట్టడం. కట్టినాయన జాన్ స్మిత్. ఊళ్ళో ఎవరినడిగినా ఎమిలీ వంతెన అంటారు, స్మిత్ వంతెన అనరు. ప్రియుడు రాకపోతే దూలానికి ఉరేసుకుందని కొందరు, గుర్రాలు బెదిరి బండి పడిపోయి చచ్చిపోయిందని కొందరు. అలాంటి మనిషి ఉన్నట్టు రికార్డుల్లో ఎక్కడా దొరకలేదు. నువ్వు ఉరి కథ ఒక్కటే తీసుకుని, ఆమె మనసులో ఏముందో రెండు పేజీలు రాసి, తెల్ల గౌను తొడిగి, వెన్నెల కూడా పోశావు. ఆ గౌను గురించి నీకు ఎవరు చెప్పారు? జనం చెప్పుకునే కథకు బట్టలు కుట్టడం మన పని కాదు. ఎవరు చెప్పారు, ఎక్కడ కూర్చుని చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, అవి రాయి. ఒకప్పుడు గుర్రాల ఒంటి మీద గోళ్ళతో గీరేదంటారు, ఇప్పుడు కార్ల పెయింటు మీద గీరుతోందంటారు. బండి మారితే దెయ్యం పని కూడా మారింది! ఇంత మంచి విషయం నీ ఫుట్‌నోట్‌లో పడి ఉంది, దాన్ని పైకి తీసుకురా. రెండు కథలనీ ఉంచు. ఏది నిజమో తేల్చకు.

నికోలస్ పవర్స్ కథ కూడా ఇలాగే రాయాలి. వెర్మాంట్ మనిషి, 1855లో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ బ్లెన్‌హైమ్‌లో మధ్యలో దిమ్మె అన్నది లేకుండా 210 అడుగుల వంతెన కట్టాడు. ఇది నిలవదని ఊరంతా అంది. కింద మోపుగా పెట్టిన కర్రలు తీసేసే రోజున పవర్స్ కప్పు మీదకెక్కి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడని, ఇది పడితే నేను మళ్ళీ సూర్యోదయం చూడక్కర్లేదన్నాడని చెప్పుకుంటారు. ఆ మాట అతను అన్నాడో లేదో గానీ, వంతెన మాత్రం నూట యాభై ఏళ్ళు దాటి నిలిచింది. ఈ కథ నాకు చాలా ఇష్టం, ఎవరికి చెప్పినా గొంతు పట్టేస్తుంది.

నీ చివరి పేజీలో "కాలం చేతిలో ఈ వంతెనలు కూలిపోయాయి" అని ఉంది. కాలం కాదమ్మా, నది. 1927 నవంబరు వరదలో ఒక్క వెర్మాంట్‌లోనే అన్ని రకాలూ కలిపి 1,200కు పైగా వంతెనలు పోయాయి. పవర్స్ కట్టిన వంతెనను 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫాను వరద ఎత్తుకుపోయింది. అదే రోజు వెర్మాంట్‌లో బార్టన్స్‌విల్ వంతెన, 1870లో కట్టింది, నీళ్ళలోకి ఒరిగిపోతుంటే ఊరివాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. సిమెంటు వంతెన వేసుకుంటే సరిపోయేది. వాళ్ళు మళ్ళీ చెక్కతోనే, ఆ పాత ఇథియెల్ టౌన్ అల్లికతోనే కట్టించుకుని 2013 జనవరిలో తెరిచారు. ఎందుకలా చేశారో వెళ్ళి వాళ్ళనే అడుగు. కారులో వెళ్ళగలిగిన దూరంలోనే ఉన్నావు.

శీర్షిక బాగుందా అన్నావు, ఏ పత్రికకు పంపాలన్నావు, పుస్తకంగా వేస్తే ఎవరైనా కొంటారా అన్నావు. అవన్నీ ఇంకోసారి. ఇప్పుడు చేయాల్సింది టౌన్ క్లర్క్ ఆఫీసుకు వెళ్ళి పాత రిపోర్టులు అడగడం. కాదనరు, ఇస్తారు. చలికాలం పద్దుల్లో వంతెన మీద మంచు పరిచినందుకు ఎవరికి ఎంత కూలిచ్చారో దొరికితే ఆ పేరూ ఆ మొత్తమూ వ్యాసం మొదటి పేజీలో పెట్టు. ఎమిలీని మూడో పేజీకి జరుపు. సూర్యాస్తమయం తీసేశాకే నాకు మళ్ళీ పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.