ఉసిరి జెల్‌ని అప్పుడే కొట్లో పెట్టకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి బరంపురంలో బీఫార్మసీ నాలుగో ఏడాది చదువుతోంది. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకి ఉసిరి సారంతో ముఖానికి రాసుకునే జెల్ చేస్తానంటోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? బాగా కుదిరితే మా కిరాణా కొట్లోనే అమ్ముకోవచ్చా?

జవాబు: రెండోదానికి ముందు చెబుతానండీ. అమ్మకండి. సౌందర్య సాధనాలు అమ్మకానికి తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. కాలేజీ ల్యాబ్‌లో నింపిన సీసాకి అది ఉండదు.

ఇక ప్రాజెక్టు. కార్బోపాల్ అనే చిక్కబరిచే పొడిని నీళ్లలో నానబెట్టి, ట్రైఇథనోలమైన్ అనే క్షారాన్ని చుక్కచుక్కగా కలిపితే జెల్ కడుతుంది. అందులో గొప్పేమీ లేదు. ఉసిరి పడ్డాకే తిప్పలు మొదలవుతాయి. దాని పులుపుకి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతుంది, దాంతో జెల్ పలచబడుతుంది. విటమిన్ సి నీళ్లలో నిలవదు. ఉసిరిలోని వగరు పదార్థాలైన టానిన్లకి ఇనుము తగిలితే నల్లబడతాయి. నెల తిరిగేసరికి రంగు మారిందని అమ్మాయి దిగులు పడితే మీరు మాత్రం పడకండి. ఎందుకు మారిందో పట్టుకుని, అంకెలతో చూపించగలిగితే ఫార్ములేషన్ (మందుని జెల్, మాత్ర లాంటి రూపంలోకి తెచ్చే పని) ఉద్యోగాల ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అంతకంటే మంచి విషయం దొరకదు.

అందుకని సారం 1, 2, 3 శాతం వేసి మూడు జెల్‌లు, అసలు సారమే లేనిది ఒకటి చేయమనండి. ఆ నాలుగోది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. పీహెచ్, చిక్కదనం, గాజు పలకల మధ్య ఎంత పరుచుకుంటోంది, సూక్ష్మజీవులు ఉన్నాయా అన్నవి మొదటి రోజూ, తర్వాత నెలనెలా చూడాలి. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఉంచే వేగవంతమైన స్టెబిలిటీ (నిలకడ) పరీక్షకి, మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ అడిగేది 6 నెలలు. సెమిస్టర్‌లో అంత వ్యవధి ఉండదు కాబట్టి ఎన్ని నెలలు చేస్తే అన్నే రాయాలి. డీపీపీహెచ్ అనే ఊదా రంగు రసాయనంతో చేసే పరీక్షలో ఆ రంగు విరిగిందంటే యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉందనే అర్థం. ముఖం తెల్లబడుతుందని కాదు. ఈ రెండూ కలిపేసిన రిపోర్టులు చూసి చూసి విసుగొచ్చింది నాకు.

హాస్టల్ స్నేహితురాళ్ల చేతుల మీద రాసి చూడటం వద్దు. మనుషుల మీద పరీక్షకి ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి కావాలి. జంతువుల మీద సౌందర్య సాధనాల పరీక్షలు మన దేశంలో 2014లోనే నిషేధించారు.

ఉద్యోగం మాటకొస్తే, మీకు దగ్గరగా ఉన్న పైడిభీమవరం, పరవాడ పరిశ్రమల్లో ఎక్కువగా తయారయ్యేది మందుల ముడిసరుకు. అక్కడ జెల్ చేసిన అనుభవం కంటే పరీక్షలు చేసిన అనుభవమే క్వాలిటీ కంట్రోల్ విభాగంలో అక్కరకొస్తుంది. జెల్‌లు, క్రీముల పనే కావాలంటే హైదరాబాద్ వైపు చూడాలి, ఫార్మాస్యూటిక్స్‌లో ఎంఫార్మసీ చేస్తే మేలు. దానికి రాసే ప్రవేశ పరీక్ష జీప్యాట్ దేశమంతటికీ ఒకటే. మీది ఒడిశా కాబట్టి ఆంధ్రా కాలేజీల్లో స్థానికత నిబంధనలు మాత్రం ముందే కనుక్కోండి.

ఉసిరి చలికాలపు కాయ. ఆఖరి సెమిస్టర్ నడుమకి వచ్చేసరికి సంతలో తగ్గిపోతుంది. ఇప్పుడే ఒక్కచోటే కొని, వృక్షశాస్త్రం మాస్టారి చేత గుర్తింపు పత్రం రాయించుకుని, ఎండబెట్టి పొడి చేసి ఉంచమనండి. కాలేజీలో ఆ వేడి, తేమ నిలిపి ఉంచే స్టెబిలిటీ చాంబర్ పనిచేస్తోందో లేదో కూడా గైడ్‌ని ఈ వారమే అడగమనండి. లేకపోతే అది ఉన్న మరో కాలేజీతో ముందే మాట్లాడుకోవాలి.