కరెంటు పికప్ కొను, జనరేటర్ మాత్రం దానికి తగిలించొద్దు

అబ్బయ్యా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. డీజిల్ పికప్ అమ్మేసి కరెంటుది కొనాలా, రోజూ నెల్లూరు నుంచి రొయ్యల గుంటల దగ్గరికి దాంట్లోనే పోయి రావచ్చా, జనరేటర్ ట్రాలీ కూడా దానికే తగిలించి ఒక గుంట నుంచి ఇంకో గుంటకు లాక్కుపోవచ్చా అని అడిగావు. మొదటి రెండిటికీ సరే అంటాను, మూడోదానికి వద్దంటాను. ఆ వద్దు ఎందుకో నీకు సరిగ్గా ఎక్కకపోతే, రేపు తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు నువ్వు కూడా నేను చేసిన పనే చేస్తావు. అందుకే పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

2023 డిసెంబర్ 3, మిచాంగ్ తుఫాను వస్తోందని ఫోన్లు మోగుతున్న రోజు. ఇందుకూరుపేట పక్క గుంటలో రొయ్య 60 కౌంట్‌కు, అంటే కిలోకు అరవై తూగే సైజుకు వచ్చి ఉంది, కరెంటు పోతే దానికి గాలి ఇచ్చే అక్కడి జనరేటర్ రెండు రోజుల ముందే మొరాయించింది. విడవలూరు పక్క గుంటలో ఇంకోటి ఉంది కదా, దాన్ని తెద్దామనుకున్నా. ట్రాక్టర్ వాళ్ళకు ఫోన్ చేస్తే ఆ రోజు ఎవరికీ ఖాళీ లేదు. నా కరెంటు బండికి వెనకాల హుక్ వెల్డింగ్ చేయించుకుని ఉన్నాను, సరే దీంతోనే పోదామని తగిలించాను. కోవూరు మీదుగా పెన్న వంతెన దాటి నెల్లూరు చేరేదాకా ఇబ్బంది ఏమీ కనపడలేదు, బ్యాటరీ మాత్రం మామూలుగా పదిహేడు శాతం దిగే దూరానికి ముప్పై దాకా దిగింది. అసలు దెబ్బ గుంట దగ్గర తగిలింది. వానకు తడిసిన గట్టు, కిందికి దిగుడు. యాక్సిలరేటర్ మీద కాలు తీశాను, కరెంటు బండి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది కదా, అదీ వెనక చక్రాల మీదే. ట్రాలీకి బ్రేకు లేదు, టన్నుకు పైన బరువు, అది వచ్చి బండిని వెనక నుంచి నెట్టింది. బండి అడ్డం తిరిగింది, హుక్ వెల్డింగ్ దగ్గర ఊడింది, జనరేటర్ పోయి కాలవలో పడింది. ట్రాలీ పక్కన నడుస్తూ వస్తున్న పిల్లోడు అటు దూకబట్టి బతికాడు. వాడు ఇటు దూకి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ రాత్రిళ్ళు వస్తుంది.

డీజిల్ పికప్‌తో ఇదే పని ఏళ్ళ తరబడి చేశాను, ఏమీ కాలేదు. ఆ బండి బరువైనది, ట్రాలీ నెట్టినా తట్టుకుంది. చిన్న కరెంటు బండి ఖాళీ బరువూ, 25 కేవీఏ జనరేటర్ ట్రాలీ బరువూ ఇంచుమించు సమానం అవుతాయి. లాగేదానికి సమానంగా లాగబడేది ఉంటే, ఆపేటప్పుడు ఏది దేని మాట వింటుందో చెప్పలేం. మోటారుకు బలం చాలక కాదు, కరెంటు మోటారు మొదటి అడుగు నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి లాగడం మొదలుపెడితే నీకు సంబరంగానే ఉంటుంది. ఆ సంబరాన్ని నమ్మొద్దు. లాగడం సులువే, ఆపడమే కష్టం.

నువ్వు పంపిన వీడియోలో అమెరికా వాళ్ళ పెద్ద కరెంటు పికప్ ఫోర్డ్ లైట్నింగ్ పడవను లాక్కుపోవడం నేనూ చూశాను. ఆ బండి లాగగలిగే బరువు నాలుగున్నర టన్నుల దాకా, పెద్ద బ్యాటరీ రకంలో 131 యూనిట్ల కరెంటు పడుతుంది, ఖాళీగా 500 కిలోమీటర్లు దాటి పోతుందని అక్కడి ప్రభుత్వ లెక్క. అంత బండికి కూడా ఎత్తైన ట్రైలర్ తగిలించి హైవే మీద పోతే ఆ దూరం సగానికి పడిపోతుంది. మన దగ్గర దొరికే చిన్న బండిలో బ్యాటరీ 21 యూనిట్లు, అంటే దాంట్లో ఆరో వంతు. అక్కడ సగం పోయినా ఇంకా 250 మిగులుతుంది. ఇక్కడ సగం పోతే నువ్వు ఇల్లు చేరేదీ అనుమానమే. ఇంకో మాట, ట్రైలర్‌కు కూడా చట్టం ప్రకారం విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, నా ట్రాలీకి లేదు, నీదానికీ లేదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది అదే. బండి పుస్తకంలో ట్రైలర్ లాగవచ్చని రాసి లేకపోతే వెల్డింగ్ షాపులో హుక్ పెట్టించే ఆలోచన కూడా చేయొద్దు.

జనరేటర్ మార్చాల్సి వచ్చేది ఏడాదికి ఎన్నిసార్లు? నా లెక్కలో ఆరు, ఏడు. ఆ రోజులకు ట్రాక్టర్ బాడుగకు మాట్లాడుకో, అది కూడా తుఫాను వార్త వచ్చాక కాదు, అక్టోబర్ మొదట్లోనే ఒకరికి చెప్పి పెట్టుకో. కుదిరితే రెండో గుంటకు ఇంకో జనరేటర్, పాతదైనా సరే, అక్కడే ఉంచెయ్. అప్పుడు లాగే పనే ఉండదు.

ఇక రోజూ తిరగడం. ఇక్కడ మాత్రం నీకు నిజంగా లాభం ఉంది, లెక్క చెప్తా చూడు. నువ్వు రోజుకు పోనూ రానూ 50 కిలోమీటర్లు తిరుగుతావు, నెలకు 1,500. డీజిల్ బండి మన గుంతల రోడ్లలో లీటరుకు 12 ఇస్తుందనుకుంటే 125 లీటర్లు, లీటరు 97 చొప్పున 12,000 దాటుతుంది. కరెంటు బండి నా చేతిలో ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి కిలోమీటరుకు 0.22 యూనిట్ తింటోంది, అంటే నెలకు 330 యూనిట్లు. మీ ఇంట్లో ఇప్పుడు 200 యూనిట్లు కాలుతుందనుకో, ఈ 330 దాని పైన పడుతుంది, కాబట్టి కింది శ్లాబు రేటు చూసి మురిసిపోవద్దు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. అన్నీ కూడితే నీ బండి కరెంటు 2,950 దగ్గర తేలుతుంది, సర్దుబాటు ఛార్జీలూ అవీ వేసుకుని మూడున్నర వేలు అనుకో. అయినా నెలకు ఎనిమిదిన్నర వేలు మిగిలినట్టే. ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు, క్లచ్ లేదు, డీజిల్ ఫిల్టర్ లేదు. బండికి పెట్టే అదనపు డబ్బు, నీ పాత బండి అమ్మగా వచ్చేది తీసేశాక, నాలుగు లక్షల లోపు ఉంటే నాలుగేళ్ళలో తిరిగొస్తుంది. అంతకు మించితే నాకు ఫోన్ చెయ్, మాట్లాడుకుందాం. కరెంటు బండికి జీఎస్టీ 5 శాతం, డీజిల్ సరుకు బండికి 28 ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది, కాబట్టి రెండేళ్ళ కిందటి ధరల తేడా పట్టుకుని లెక్క వేయొద్దు. పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ వస్తుందని నీకు ఎవరో చెప్పారట. లారీల్లో ఆ పథకం మూడున్నర టన్నులు దాటిన వాటికే, మన చిన్న బండికి రాదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాల్సిన మాట. గుంట దగ్గర ఆక్వా మీటరు ఉంది, యూనిట్ రూపాయిన్నర, అక్కడే ప్లగ్గు పెట్టేస్తే నెలంతా ఐదు వందలతో అయిపోతుంది కదా అని నీకు తడుతుంది. తట్టకపోయినా పక్క గుంట వాళ్ళు చెప్తారు. చేయొద్దు నాయనా. ఆ రేటు రొయ్యకు గాలి ఇవ్వడానికి ప్రభుత్వం మనకిచ్చింది, బండికి కాదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఒక పనికి ఇచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే అసలు రేటుకు రెండింతలు కట్టించుకుంటారు, ఎప్పటి నుంచి వాడుతున్నావో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలల లెక్క వేస్తారు. డబ్బు సంగతి అలా ఉంచు, ఒక్క బండి కోసం నువ్వు పట్టుబడితే ఆ సబ్సిడీ మీద వేలెత్తి చూపేవాళ్ళకు రైతులందరి మీదా సాకు దొరుకుతుంది. పైగా రాత్రిపూట నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లన్నీ తిరిగేటప్పుడు అక్కడ వోల్టేజీ పడిపోతుంది, ఛార్జర్ మాటిమాటికీ ఆగిపోతుంది, ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులు నెలకే పచ్చబడతాయి.

ఇంట్లోనే పెట్టు. మీటరు నుంచి విడిగా ఒక లైను, నాలుగు ఎంఎం రాగి తీగ, దానికి సొంత ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగ్. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా ఛార్జర్లు అసలు పని మొదలుపెట్టవు, నేను బండి పాడైందని నాలుగు రోజులు టెన్షన్ పడి చివరికి ఎర్త్ గుంటలో నీళ్ళు పోసి ఉప్పు వేశాక పని చేసింది. పదిహేను ఆంపియర్ల ప్లగ్గుతో రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. మీటరు మీద మంజూరైన లోడ్ ఎంతో చూసి మూడు కిలోవాట్లు పెంచమని అర్జీ పెట్టు. ఛార్జింగ్‌కు వేరే మీటరు కూడా ఇస్తారు, ఏది చవకో మీ సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకో. నువ్వు ఉండేది అద్దె అపార్ట్‌మెంట్ అయ్యి, కింద పార్కింగ్‌లో ప్లగ్గుకు ఓనరు ఒప్పుకోకపోతే, ఈ బండి కొనొద్దు. బయట ఫాస్ట్ ఛార్జర్ మీద ఆధారపడితే డబ్బు లాభంలో సగం పోతుంది, రోజూ గంటన్నర నీ టైము పోతుంది.

బండి ఎంచుకునేటప్పుడు బరువు చూడు. టాటా ఏస్ కరెంటుది 2022లో వచ్చినప్పుడు 600 కిలోలు మోసేది, 2024లో టన్ను మోసేది వచ్చింది. పాతికేసి కిలోల మేత బస్తాలు నువ్వు ఒక ట్రిప్పుకు ముప్పై వేస్తావు, అంటే 750. అంటే 600ది నీకు చాలదు. కంపెనీలు 154, 161 అని చెప్పే కిలోమీటర్లు పరీక్ష లెక్కలు, లోడుతో మన ఎండల్లో నాకు వచ్చేది 100 నుంచి 110. నీ 50కి అది రెండింతలు, చాలు. అయినా నా మాట నమ్మి కొనొద్దు, షోరూం వాళ్ళను ఒక రోజు బండి అడుగు, ముప్పై బస్తాలు వేసుకుని నీ దారిలోనే, మధ్యాహ్నం ఎండలో, గట్టు మీద దాకా పోయి రా, ఎంత శాతం దిగిందో కాగితం మీద రాసుకో. ఇవ్వం అన్నారంటే ఇంకో షోరూంకు పో. కరెంటు బండి పని తెలిసిన మెకానిక్ నెల్లూరులోనే ఉన్నాడా, చెన్నై పంపాలా అన్నది కూడా అప్పుడే అడుగు.

ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పు, దీంట్లో సీట్లు రెండే. పనివాళ్ళను వెనక ఎక్కించుకోవద్దు. మనందరం చేసేదే, నేనూ చేశాను, ఆ పిల్లోడి సంగతి తర్వాత మానేశాను. సరుకు బండి తొట్టిలో మనుషులు ఉండి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ రాదు, వాళ్ళ ఇంటికి పోయి నువ్వేం చెప్తావు?

వానల సంగతి. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే తెగింది, నీకు గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ ఐపీ67 అనే నీటి పరీక్ష పాసైంది, నీళ్ళలో మునిగినా ఏమీ కాదని సేల్స్ కుర్రాళ్ళు చెప్తారు. ఆ పరీక్ష మంచినీళ్ళలో చేస్తారు, మన గుంటల చుట్టూ ఉండేది ఉప్పునీళ్ళు. చక్రం సగం మునిగే నీళ్ళలోకి దింపొద్దు, దింపాల్సి వస్తే తర్వాత అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించు. తుఫాను హెచ్చరిక రాగానే నూరు శాతం నింపుకో, కరెంటు పోతే ఎన్నాళ్ళకు వస్తుందో ఎవరికీ తెలియదు. దారిలో ఆగిపోతే మాత్రం మోకు కట్టి లాగించొద్దు. తిప్పే చక్రాలు నేల మీద దొర్లితే మోటారు తనే కరెంటు పుట్టిస్తుంది, లోపల సామాను కాలిపోవచ్చు. ఎత్తి తొట్టిలో పెట్టుకుపోయే బండినే పిలిపించు, ఆ నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకో.

లోన్ మాత్రం చిన్నది తీసుకో. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రేటు ఎట్లా పడిందో చూశాం, ఆ నెల కూడా వాయిదా కట్టాల్సిందే. నీ డీజిల్ బండికి ఇప్పుడు ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురిని అడిగి పెట్టుకో, అమ్మకం మాత్రం కొత్తది చేతికొచ్చి ఒకసారి రొయ్యల పట్టుబడి గడిచేదాకా ఆపు.

ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు మీ ఇంటి కరెంటు బిల్లులు మూడు నెలలవి తీసుకురా, మీటరు లోడ్ ఎంత రాసుందో చూద్దాం. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది, మధ్యాహ్నానికి ముందే రా, నా బండిలోనే గట్టు దాకా పోయొద్దాం, నువ్వే నడుపుదువు.

మీ పెదనాయన