పడవ ట్రైలరుకు పెద్ద చక్రాలు: ముందు మడ్‌గార్డు సందు కొలవండి

కడప నుంచి గండికోట జలాశయానికి పడవను తీసుకువెళ్లే ట్రైలరుకు 145/80 ఆర్12 టైర్లు (వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 12 అంగుళాలు) తీసి 155/80 ఆర్13 వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు, అయితే కొత్త రిమ్ముల బోల్టు రంధ్రాలు, నడిమి రంధ్రం మీ హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) సరిగ్గా కుదరాలి. టైరు వ్యాసం సుమారు 41 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక ట్రైలరు అందులో సగం లేస్తుంది, మడ్‌గార్డు కింద సందు కూడా అంతే తగ్గుతుంది. ఖాళీ ట్రైలరుపై తీసిన కొలతను నమ్మకండి. పడవ ఎక్కించాక, గుంతలో కమాన్లు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) పూర్తిగా అణిగినప్పుడు కూడా టైరు పైన మడ్‌గార్డుకు గానీ, లోపలివైపు కమానుకు గానీ తగలకూడదు. పెద్ద టైరు వేసినంత మాత్రాన ఇరుసు మోయగల బరువు పెరగదు. చక్రాలు ఎలాగూ విప్పుతారు కాబట్టి బేరింగుల గ్రీజు, సీళ్లు చూడండి. దారిలో వేడెక్కిన హబ్బు చల్లని నీటిలో దిగగానే, సీలు అరిగి ఉంటే, నీటిని లోపలికి లాక్కుంటుంది.